గండికోట బండల అంచుకు, కింద పెన్న దాకా ఇంటిల్లిపాదీ నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రమే లేని సీమలో నీటి ఒడ్డు కొండచరియ ఎక్కడిది?

ఆ చరియ కడప జిల్లా జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసుకుంటూ పోయిన చోటు అది. ఆ కోతనే గండి అంటారు, దాని ఒడ్డున కట్టిన కోట గండికోట. అంచున నిలబడితే కింద దాదాపు 300 అడుగుల లోతున నీళ్లు, అవతల అంతే ఎత్తు ఎర్రరాతి గోడ కనిపిస్తాయి.

సముద్రం మాట అసలు లేకపోలేదు. ఈ బండలన్నీ కోట్లాది ఏళ్ల కిందట లోతులేని సముద్రంలో పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకే. అది గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయైంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. అంచు దగ్గర కొన్ని బండల మీద అలలు తీసిన గీతలు ఇప్పటికీ కనబడతాయి. పిల్లలకు అవి చూపించండి, ఫోన్లు కాసేపు పక్కన పెడతారు.

ఇందులో కష్టమేముంది? కారు దిగి నాలుగడుగులు వేస్తే వ్యూపాయింట్ వస్తుంది కదా?

కోట వాకిలి నుంచి అంచు దాకా నింపాదిగా నడిస్తే అరగంట. ఆ దూరం ఎవరినీ అలవనివ్వదు, ప్రమాదమూ అక్కడే మొదలవుతుంది. దగ్గరే కదా అని హవాయి చెప్పులతో, అరలీటరు నీళ్ల సీసాతో, మిట్ట మధ్యాహ్నం వచ్చేస్తారు.

ఈ నడకలో రెండు పనులున్నాయి. మొదటిది పైన అంచు వెంబడి బండల మీద తిరగడం. అక్కడ దారంటూ ఉండదు, మనిషెత్తు గుండ్ల మధ్య ఎక్కుతూ దిగుతూ పోవాలి. చదును నేల మీద గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా ఇక్కడ ఒక కిలోమీటరుకు మించలేరు. రెండోది కిందికి దిగి పెన్నను చేరి మళ్లీ పైకెక్కడం. 300 అడుగులంటే ముప్పై అంతస్తుల మేడతో సమానం, అదీ మెట్లు లేకుండా. దారి చూపే బోర్డులు లేవు. వాననీళ్లు కోసిన వంకలో రాళ్ల మీదుగా దిగాలి.

మొదటిది ఇంట్లో చాలామంది చేయగలరు. రెండోది అందరి వల్లా కాదు. ఎవరు దిగుతారు, ఎవరు పైనే ఉంటారు అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. అంచుకు వచ్చాక తేల్చుకుంటే మొహమాటం గెలుస్తుంది. మరిది దిగుతున్నాడని బావ, బావ దిగుతున్నాడని పెద్దనాన్న, ఇలా మోకాళ్లు బాగాలేనివాళ్లు కూడా సగం దాకా దిగి కూర్చుండిపోతారు.

ఏ నెలలో రావాలి?

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. అక్టోబరులో, నవంబరు మొదట్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. అప్పుడు లోయ నిండుగా, అందంగా ఉంటుంది, అయితే బండల మీద నల్లటి పాచి తడిసి సబ్బులా జారుతుంది. ఆ రోజుల్లో అంచుకు దూరంగా నిలబడి చూసి వెళ్లిపోవాలి, కిందికి దిగకూడదు. వాన వెలిసిన తర్వాత కనీసం రెండు ఎండ రోజులు గడవనివ్వండి.

మార్చి నుంచి జూన్ దాకా పిల్లాపాపలతో దిగొద్దు. మే నెలలో ఇక్కడి ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. పైగా రాతిలోయ పొయ్యి మీది పెంకులా వేడిని పట్టి ఉంచుతుంది. పైన గాలి వీస్తున్నా కింద ఆకు కదలదు.

సంక్రాంతి సెలవుల్లో, గండికోట ఉత్సవాలు పెట్టిన రోజుల్లో జనం తిరునాళ్లలా ఉంటారు. అంచు మీద తోపులాట అసలే కూడదు, ఆ రోజుల్ని వదిలేయండి.

ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది సుమారు 6:45కు, గుంకేది 6 దాటాక. దాన్ని బట్టి లెక్క ఇలా వేసుకోండి. 6:15కు కోట వాకిలి దగ్గర ఉండాలి. సూర్యోదయానికి అంచు చేరతారు. 7:30 దాకా చూడటం, ఫోటోలు, ఒక వాయి తిండి. 7:30కు దిగడం మొదలు. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న జట్టుకు కిందికి చేరేసరికి గంటంబావు పడుతుంది. నీళ్ల దగ్గర ముప్పావుగంట. 9:30కు తిరుగుప్రయాణం. 11 గంటలకల్లా పైన నీడలో ఉండాలి.

ఈ లెక్కలో మార్చకూడనిది 9:30. అప్పటికి సగం దూరమే దిగినా సరే, నీళ్లు పది నిమిషాల దూరంలో కనబడుతున్నా సరే, వెనక్కి తిరగాలి. దిగడం ఒళ్లు బరువుతో సాగిపోతుంది, ఎక్కడం ఊపిరితో సాగాలి. ఆ ఎక్కే గంటన్నర ఎండ ముదిరాక పడితే తెచ్చుకున్న నీళ్లు చాలవు. ఆలస్యమయ్యేది ఎప్పుడూ నడకలో కాదు, ఉదయం టిఫిన్ దగ్గర. పదిమంది ఉన్న ఇంట్లో స్నానాలు, జడలు అయ్యేసరికి ఎనిమిదవుతుంది. అందుకే ముందురోజు రాత్రికే జమ్మలమడుగులోనో, గండికోటలోని పర్యాటక శాఖ హరిత హోటల్లోనో దిగడం మేలు.

సాయంత్రం దిగొచ్చా అని అడిగేవాళ్లకు జవాబు, వద్దు. సాయంత్రం అంచు మీద నుంచి చూడటానికే బాగుంటుంది. పొద్దు గుంకాక అర్ధగంటలో చీకటి పడుతుంది, గుండ్ల మధ్య ఫోన్ లైటుతో నడిస్తే ముందు రాయి కనబడుతుంది గానీ దాని వెనక ఉన్న సందు కనబడదు.

ఎలా చేరాలి?

కడప నుంచి సుమారు 85 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా రావచ్చు. కర్నూలు వాళ్లకు నంద్యాల వైపు నుంచి జమ్మలమడుగు దారి అనువు. రైలైతే ఎర్రగుంట్ల–నంద్యాల లైనులో జమ్మలమడుగు స్టేషన్ ఉంది, ముంబయి–చెన్నై లైనులో ముద్దనూరు దగ్గర. జమ్మలమడుగు నుంచి కోటకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట తీసుకోండి.

ఏ వయసు పిల్లల్ని తీసుకురావచ్చు?

అంచు దాకా అయితే చేయి విడవకుండా ఏ వయసు వాళ్లనైనా తేవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల్ని వీపు సంచిలో కట్టుకోవాలి, భుజాల మీద మాత్రం ఎక్కించుకోవద్దు. బిడ్డ పక్కకు ఒరిగితే మీ బరువూ అటే పోతుంది.

కిందికి దిగడానికి మా లెక్క పన్నెండేళ్లు. ఎనిమిదేళ్ల పిల్లాడు కోతిలా దిగేస్తాడు, నిజమే. ఎక్కేటప్పుడు కాళ్లు నొప్పెట్టి మొండికేస్తే ఆ వంకలో వాణ్ని ఎత్తుకుని ఎక్కడం ఎవరి వల్లా కాదు. ఆ పరీక్ష ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చు. ముప్పై అంతస్తులంటే సుమారు 550 మెట్లు. మూడంతస్తుల ఇంటి మెట్లు పదిసార్లు దిగి ఎక్కమనండి. ఆరోసారికే అలిగితే అంచు చాలు. ఈ పరీక్ష పెద్దలకూ వర్తిస్తుంది, పెద్దలే ఎక్కువగా ఎగ్గొడతారు.

పిల్లల బాధ్యత ఎవరిది?

పదిహేను మంది పెద్దలున్నప్పుడే పిల్లలు తప్పిపోయేది. అమ్మ పిన్నమ్మ దగ్గర ఉన్నాడనుకుంటుంది, పిన్నమ్మ చిన్నాయన దగ్గర అనుకుంటుంది. కాబట్టి పేరు పెట్టి అప్పజెప్పండి. ఒక్కో పెద్దకు ఒకరు, మహా అయితే ఇద్దరు. 'నేను ఫోటో తీసుకొస్తా' అని పోవాలంటే ఇంకొకరి చేతికి బిడ్డ చెయ్యి పెట్టి, నోటితో చెప్పి మరీ పోవాలి. వాకిలి దగ్గర, అంచు చేరాక, దిగేముందు, దిగాక, ఎక్కాక తలలు లెక్కపెట్టండి. లెక్కపెట్టే మనిషి ఒక్కరే ఉండాలి, వాళ్లు తమను తాము కలుపుకోవడం మరవకూడదు.

దిగే జట్టులో బాగా నడవగలిగిన ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు చివర. ముందున్న మనిషిని ఎవరూ దాటకూడదు, చివరి మనిషి వెనక ఎవరూ మిగలకూడదు. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు మనిషికి పక్కనే పెట్టండి, వెనక పెడితే వాళ్లకు విశ్రాంతే దొరకదు. అందరూ ఆగి కూర్చుని వాళ్ల కోసం చూస్తారు, వాళ్లు వచ్చి చేరగానే లేచిపోతారు.

ఇంట్లో జేజికి మోకాళ్ల నొప్పి, అబ్బకు బీపీ, షుగరు. తీసుకురావచ్చా?

అంచు దాకా రావచ్చు, సగం దారి చదునే. రంగనాథస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం చుట్టుపక్కల నీడ, కూర్చునే చోటు దొరుకుతాయి. చేతికర్ర తప్పక ఇవ్వండి. నిటారుగా నిలబడితే కర్ర పిడి మణికట్టు ఎత్తుకు వచ్చేంత పొడవుంటే సరి.

షుగరు మందులు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఆ పూట టిఫిన్ తినకుండా నడవకూడదు. జేబులో గ్లూకోజ్ పొడి గానీ నాలుగు చక్కెర బిళ్లలు గానీ ఉండాలి. చెమట, వణుకు, మాట తడబాటు కనబడితే ముందు తీపి నోట్లో వేసి తర్వాత మాట్లాడండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ వేయొద్దు. బీపీకి ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు ఎండలో దాహం తెలియకుండానే నీరు తగ్గిపోతుంది. నడక రోజున ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి, సొంతంగా మానేయొద్దు. గుండెకు స్టెంటు పడినవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు కిందికి దిగొద్దు. గర్భిణులు కూడా దిగొద్దు.

నీళ్లు ఎన్ని తేవాలి?

చలికాలంలో దిగి ఎక్కే పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 3 లీటర్లు, పిల్లలకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. ఆరుగురు పెద్దలు, నలుగురు పిల్లలున్న ఇంటికి 24 లీటర్లకు తక్కువ కాదు. అంటే 24 కిలోల బరువు. ఒకే డబ్బా తెస్తే మోసే మనిషి కింద పడతాడు, లేదా డబ్బా పడుతుంది. లీటరు సీసాలుగా పంచండి. ఆరుగురు పెద్దలు మూడేసి మోస్తే పద్దెనిమిది. పిల్లలు ఒక్కోటి మోస్తే నాలుగు. మిగిలిన రెండు పైన ఉండే వాళ్ల దగ్గర ఉంటే ఎక్కివచ్చిన వాళ్లకు అందుతాయి. సంచి బరువు పెద్దలకు 6 కిలోలు, పిల్లలకు వాళ్ల బరువులో పదో వంతు దాటనీయొద్దు.

తాగడంలోనూ లెక్కుంది. దాహం వేశాక లీటరు గటగటా తాగితే కడుపు బరువెక్కి వాంతి వస్తుంది. ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగాలి. కిందికి చేరేసరికి సగం నీళ్లు మిగిలి ఉండాలి. పెన్న నీళ్లు తాగడానికి పనికిరావు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికొకటి తెచ్చుకోండి. లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, చిటికెడు ఎక్కువేద్దాం అనే ఉత్సాహం వద్దు.

తినడానికి ఏం తేవాలి?

జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. రెండు రోజులున్నా చెడదు, ఒలకదు, చేత్తో పట్టుకుని తినొచ్చు. పులిహోర, చిత్రాన్నం మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. పెరుగన్నం పదకొండుకల్లా పులుస్తుంది, పాలు కలిపి తోడు వేసి తెచ్చినా ఎండలో అంతే. చెనిక్కాయ పట్టీలు, ఖర్జూరాలు జేబులో ఉంచుకుని దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కొంచెం కొంచెం తినండి. బిర్యానీ డబ్బాలు మోసుకొచ్చేవాళ్లు ఉన్నారు. తిన్నాక నిద్ర, నిద్ర లేచేసరికి ఎండ. ఆ విందు జమ్మలమడుగు చేరాక పెట్టుకోండి.

అరటిపండ్లు, పైకి కనబడే పాలిథిన్ సంచులు వద్దు. కోటలో కోతులున్నాయి, సంచి చప్పుడు వినబడితే చాలు. లాక్కుంటే ఇచ్చేయండి. అంచు దగ్గర కోతితో గుంజులాట వద్దే వద్దు.

ఏ బూట్లు, ఏ బట్టలు?

అడుగున లోతైన గాళ్లున్న రబ్బరు సోలు బూట్లు. సోలు అరిగిపోయిన స్పోర్ట్స్ బూట్ల కంటే కొత్త సాదా కాన్వాసు బూట్లే మెరుగు. ఏళ్ల తరబడి అల్మారాలో పడున్న బూట్లు తేవద్దు. లోపలి జిగురు ఎండిపోయి నడిమధ్య దారిలో సోలు ఊడొస్తుంది. కొత్తవైతే వారం ముందు నుంచి ఇంట్లో తొడిగి నడవండి. కాలిగోళ్లు ముందురోజు కత్తిరించండి. దిగేటప్పుడు వేళ్లు బూటు మూతికి కొట్టుకుని గోరు నల్లబడేది గోరు పెరిగి ఉన్నవాళ్లకే. దిగేముందు మడమ వెనక్కి తట్టి, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకోండి.

చీరలో అంచు దాకా రావచ్చు, దిగడానికి చుడీదారో ప్యాంటో కావాలి. చున్నీ నడుముకు చుట్టేయండి, రాతి సందుల్లో ఉన్న కంపకు తగులుకుంటుంది. టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా సరిపోతాయి. మెడలో వేలాడే కెమెరా దిగేటప్పుడు సంచిలోకి పోవాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

అంచు దగ్గర ఎంత దూరంలో నిలబడాలి?

పెద్దలు ఆరడుగులు, పిల్లలు పదిహేనడుగులు. కొలిచే టేపు అక్కర్లేదు, మీరు బోర్లా పడితే తల అంచు దాటకూడదు.

ఇక్కడి రాయి గట్టిదే గానీ నిలువు పగుళ్లతో దిమ్మెలు దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. పై నుంచి చూస్తే ఒకే బండ, పక్క నుంచి చూస్తే కింద ఖాళీ. మీ కాళ్ల కింద ఏముందో పై నుంచి తెలియదు. అడ్డంగా పోయే పగులు కనబడితే దాన్ని దాటి అంచు వైపు పోవద్దు. బండ మీద రాలిన సన్నరాళ్లు మరో చిక్కు. అరుగు మీద జొన్నలు పోసి నడిచినట్టుంటుంది. సాయంత్రం పూట గాలి ఒక్కసారిగా తోస్తుంది, ఎత్తు బండ మీద గొడుగు విప్పినా, చున్నీ గాలికి వదిలినా మనిషి తూలుతుంది.

సెల్ఫీ కోసం వెనక్కి అడుగేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఫోటో కావాలంటే ముందు కూర్చోండి, తర్వాత ఫోన్ బయటికి తీయండి. లేచేముందు ఫోన్ జేబులో పెట్టండి. తీసేవాళ్లు 'ఇంకొంచెం వెనక్కి' అనే మాట ఇక్కడ వాడకూడదు. కూర్చున్న మనిషి ఫోటోలోనే లోయ లోతు బాగా తెలుస్తుంది కూడా.

దిగే దారి ఎవరు చూపిస్తారు?

కోట లోపలే ఊరుంది. ఆ దారుల్లో మేకల్ని తోలుకుని తిరిగినవాళ్లు అక్కడ ఉంటారు. ముందురోజు సాయంత్రమే ఒకరిని మాట్లాడుకోండి, డబ్బు ఎంతో ముందే తేల్చుకోండి. నిన్నటి వానకు ఏ వంక కొట్టుకుపోయిందో, ఎక్కడ తేనెపట్టు పడిందో వాళ్లకు తెలుస్తుంది, మ్యాపుకు తెలియదు. మ్యాపులో గీత కనబడిందని పిల్లలతో దిగొద్దు. అక్కడున్న సిబ్బంది గానీ ఊరివాళ్లు గానీ ఇవాళ వద్దంటే వాదించకుండా మానుకోండి.

దిగే పద్ధతి ఏమిటి?

రెండు చేతులు, రెండు కాళ్లు కలిపి నాలుగు. వాటిలో మూడు ఎప్పుడూ రాతిని పట్టుకుని ఉండాలి, ఒక్కటే కదలాలి. నడుమెత్తు మెట్టు వస్తే లోయ వైపు ముఖం పెట్టి దూకొద్దు, రాతి వైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. చిన్న మెట్లు కూర్చుని జారుతూ దిగినా నామోషీ ఏమీ లేదు, ప్యాంటు చిరిగితే చిరుగుతుంది. రాయి మీద బరువు మోపేముందు పాదంతో ఒకసారి కదిపి చూడండి. మొక్కల్ని పట్టుకోవద్దు. ఎండిన కంపకు వేరు ఉండదు, పచ్చి కంపకు ముల్లుంటుంది.

పిల్లలకు కింద ఒక పెద్ద, పైన ఒక పెద్ద. కింద ఉన్నవాళ్లు పాదం ఎక్కడ పెట్టాలో చెబుతూ పోవాలి. వదులు రాళ్లున్న చోట ఒక్కొక్కరే దిగాలి, మిగతావాళ్లు పక్కకు తప్పుకుని నిలబడాలి, ఆ వరుసకు నేరుగా కింద నిలబడకూడదు. రాయి జారితే ఎవరి వల్ల అన్నది తర్వాత, ముందు 'రాయి!' అని గట్టిగా అరవాలి. అది విన్నవాళ్లు పైకి చూడకుండా తల దించి బండకు ఆనుకోవాలి.

తాడు సంగతి చాలామంది అడుగుతారు. అంగట్లో కొన్న నైలాన్ తాడుతో ఒకరినొకరు కట్టుకోవడం కంటే కట్టుకోకపోవడమే క్షేమం. గట్టి ఆధారానికి కట్టి, పట్టి నిలిపే విద్య తెలిసినవాళ్లు లేకపోతే ఒకరు జారినప్పుడు మిగతావాళ్లనీ లాక్కుపోతుంది. తాడు కావాలనిపించేంత నిటారు చోటు ఎదురైందంటే దారి తప్పారని అర్థం. వెనక్కి రండి.

కింద నీళ్లలో దిగొచ్చా, ఈత కొట్టొచ్చా?

వద్దు. పాదాలు తడుపుకోవడం వరకే, అదీ గట్టు బండ మీద కూర్చుని.

కారణం చెబితే గానీ కుర్రకారు వినరు, కాబట్టి చెబుతాం. ఈ లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. గాలేరు–నగరి పథకంలో కట్టినది, 26.85 టీఎంసీల సామర్థ్యం. దిగువన మైలవరం జలాశయం ఉంది. మధ్యలో లోయలో కనిపించేది ఎక్కువగా మైలవరం వెనక్కి తన్నిన నీరు. ఎగువ గేట్లు ఎత్తినా, దిగువన నిల్వ పెంచినా మీ నెత్తిన చుక్క వాన పడకుండానే ఇక్కడ మట్టం పెరుగుతుంది. నిన్న ఆరిన బండ ఇవాళ మునుగుతుంది. పైకి నిలకడగా ఉన్న నీటి అడుగున గుండ్లు, సందులు, మెత్తటి ఒండ్రు ఉంటాయి. గట్టు నుంచి రెండో అడుగుకే నిలువు లోతు రావచ్చు. కిందికి చేరగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. పావుగంటలో అది తడిస్తే వెంటనే ఎక్కడం మొదలుపెట్టాలి. నీటి మీద తిరగాలని ఉంటే లైఫ్ జాకెట్ ఇచ్చి తిప్పే బోటు ఉన్నప్పుడే.

తేనెటీగలు, పాములు?

చరియల కింద వేలాడేవి పెరతేనె పట్లు. అగరుబత్తి, సిగరెట్టు పొగ, ఘాటైన సెంటు, రాయి విసరడం, గట్టి అరుపులు వాటిని రేపుతాయి. లేస్తే చేతులు విసరకుండా ముఖం గుడ్డతో కప్పుకుని అక్కణ్ణుంచి దూరంగా పోవాలి. అంచు మీద ఉంటే ముందు అంచుకు దూరం జరగాలి, పరుగు ఆ తర్వాత. ముళ్లను గోటితో వెంటనే గీకి తీసేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, చాలా చోట్ల కుట్టినా ఆసుపత్రికి పోవాలి.

పాములు పొద్దున్నే వెచ్చదనానికి బండల మీదికి వస్తాయి. చూడని సందులో చెయ్యి పెట్టొద్దు, కూర్చునేముందు కర్రతో తట్టండి. కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తీయలేరు. కాలిని కర్రతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. మందు ఆసుపత్రిలోనే ఉంది, మంత్రంలో లేదు. జమ్మలమడుగు దగ్గర, ఆ తర్వాత ప్రొద్దుటూరు.

ఎవరైనా దెబ్బతగిలి కింద ఉండిపోతే?

లోయలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. అందుకే పైన ఉండే జట్టు కేవలం కాలక్షేపానికి కాదు. దిగేవాళ్లు ఎన్ని గంటలకు పైకి రావాలో వాళ్లకు చెప్పి పోవాలి. ఆ వేళ దాటి అరగంటైతే పైవాళ్లు ఊరివాళ్ల సాయం అడగాలి, 108కో 112కో ఫోన్ చేయాలి. మనిషికొక విజిల్ ఇవ్వండి. మూడుసార్లు ఊది ఆగితే ఆపద అని గుర్తు. పిల్లలకు అది ఆట వస్తువు కాదని ముందే చెప్పాలి, చెప్పినా ఒకసారి ఊదుతారు.

కాలు బెణికితే బూటు విప్పకుండా, పైనుంచే క్రేప్ బ్యాండేజీ బిగించి, ఇద్దరి భుజాల ఆసరాతో ఎక్కించే ప్రయత్నం చేయొచ్చు. ఎముక విరిగిందనిపిస్తే కదిలించొద్దు. నీడలో ఉంచి, ఒకరు తోడుండి, ఇద్దరు కలిసి పైకి పోయి మనుషుల్ని తేవాలి. ఒంటరిగా ఎవరినీ పంపొద్దు.

వడదెబ్బ గుర్తు చెమట కాదు, మాట. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. మత్తుగా ఉంటే నోట్లో నీళ్లు పోయొద్దు. తాగే నీళ్లు అయిపోతాయని వెనకాడొద్దు.

మరుగుదొడ్డి సంగతి?

అంచు దగ్గర లేదు. బస చేసిన చోటే ముగించుకుని బయల్దేరండి. ఆడవాళ్లు దారిలో ఇబ్బంది అని నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటుంది. ఒక దుప్పటి తెచ్చి మరుగు పట్టుకుంటే సరిపోయే పనికి అంత శిక్ష అక్కర్లేదు. తప్పనిసరైతే నీటికి 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తీసి పూడ్చాలి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి సంచిలో వెనక్కి తేవాలి.

కోటలో చేయకూడనివి?

ఇది భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. గోడ మీద పేరు గీకితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే చట్టం ఉంది. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు. ఎండుగడ్డి మధ్య పొయ్యి వెలిగించొద్దు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆ ఏడే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. ఎక్కివచ్చి అలసిన కాళ్లతో మాధవరాయ స్వామి గుడి, కత్తుల కోనేరు చూడటానికి గంట చాలు.

అదే రోజు బెలుం గుహలు కూడా చూడొచ్చా?

పైన అంచు వరకే చూసినవాళ్లు చూడొచ్చు, సుమారు 60 కిలోమీటర్లు. కిందికి దిగి ఎక్కినవాళ్లు మర్నాటికి పెట్టుకోండి. గుహ లోపల ఉక్క ఎక్కువ, మెట్లున్నాయి, వంగి నడవాల్సిన చోట్లున్నాయి. అప్పటికే తొడలు పట్టేసి ఉంటాయి. కారు నడిపే మనిషి కూడా మీతో దిగి ఎక్కి ఉంటే, భోజనం చేసి గంట పడుకున్నాకే తాళంచెవి చేతికివ్వండి.